ఎంతమంది తీసుకుంటారండీ? – సైకెడెలిక్ మందుల లెక్కల వెనక చరిత్ర

(రేడియో ప్రసంగ పాఠం)



పోయిన నెల ఇదే కార్యక్రమంలో నల్లమందు వ్యాపారం గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ ప్రసంగం వచ్చిన మర్నాడు ఒకావిడ ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. "నల్లమందు సంగతి బాగానే చెప్పారు గాని, ఈ పుట్టగొడుగులు, ఎల్.ఎస్.డి. లాంటివి ఈ దేశంలో ఎంతమంది తీసుకుంటారండీ?" అని అడిగారు. ఏదో కుతూహలం కొద్దీ అడిగారనుకుని, నాకు గుర్తున్న రెండు మూడు అంకెలు చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకున్నారు. తరవాత అన్నారు: "మావాడికి ముప్ఫై రెండేళ్ళండీ. ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, అన్నీ అయ్యాయి. ఏడాదికోసారి స్నేహితులతో కలిసి తీసుకుంటాడట. మొన్న మాటల్లో వాడే చెప్పాడు, కాఫీ తాగినంత మామూలుగా. చిన్నపిల్లాడైతే నాలుగు తిట్టేదాన్ని. ఇప్పుడేమనాలో తెలియడం లేదు. వాడొక్కడేనా ఇట్లా, అందరూ ఇంతేనా?"

ఆవిడ అడిగింది అంకె కాదని అప్పుడు అర్థమైంది. కాని ఆవిడకి సరైన జవాబు చెప్పాలంటే ఆ అంకె నుంచే మొదలుపెట్టాలి. ఆ అంకెలకి ఒక చరిత్ర ఉంది. ఈ నెల అదే చెప్పుకుందాం.

ముందు మాటలు సరిచూసుకుందాం. మనవాళ్ళకి మత్తు అంటే అంతా ఒకటే. కల్లు తాగినా మత్తే, గంజాయి పీల్చినా మత్తే, నల్లమందు మింగినా మత్తే. సైకెడెలిక్ అనే మందుల దారి వేరు. ఎల్.ఎస్.డి., కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్, పెయోటీ అనే ముళ్ళులేని కాక్టస్ మొక్కలో ఉండే మెస్కలిన్, అమెజాన్ అడవుల్లో కాచే అయవాస్కా అనే కషాయంలో ఉండే డి.ఎం.టి. – ముఖ్యమైనవి ఈ నాలుగు. ఇవి నిద్ర తెప్పించవు. కంటికి కనపడేదాన్నీ, చెవికి వినపడేదాన్నీ, కాలం నడిచే తీరునీ, 'నేను' అనే భావాన్నీ కొన్ని గంటలపాటు తారుమారు చేస్తాయి. నల్లమందులాగా రోజూ కావాలనిపించే గుణం వీటికి తక్కువ. ఈరోజు తీసుకుని రేపు మళ్ళీ అంతే తీసుకుంటే, రేపు అంతగా పనిచేయవు కూడా. ఈ గుణాన్ని గుర్తుపెట్టుకోండి. లెక్కల దగ్గర పనికొస్తుంది.

ఈ పేరు పెట్టినవాడు హంఫ్రీ ఆస్మండ్ అనే ఇంగ్లీషు డాక్టరు. కెనడాలోని సస్కాచువాన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసేవాడు. 1956లో రచయిత ఆల్డస్ హక్స్‌లీకి రాసిన ఒక ఉత్తరంలో ఈ మాట పుట్టింది. గ్రీకులో సైకీ అంటే మనసు, డీలోస్ అంటే స్పష్టంగా కనపడేది. మనసులో ఉన్నదాన్ని బయటికి కనపడేట్టు చేసేది అని అర్థం.

మాట కొత్తదే గాని వాడకం చాలా పాతది. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు దగ్గరి గుహల్లో దొరికిన పెయోటీ ముక్కలు కొన్ని వేల ఏళ్ళ నాటివని తేలింది. అమెరికా ఆదివాసులు 1918లో ఓక్లహోమాలో 'నేటివ్ అమెరికన్ చర్చి' అని రిజిస్టరు చేసుకున్నారు. పెయోటీ వాళ్ళకి పూజాద్రవ్యం. ఆ వాడకానికి ఈ దేశంలో 1994 నాటి ఫెడరల్ చట్టం రక్షణ కల్పిస్తోంది. మెక్సికోలోని ఒహాకా కొండల్లో మజటెక్ జాతివాళ్ళు జబ్బు చేసినప్పుడు, ఆపద వచ్చినప్పుడు రాత్రిపూట పుట్టగొడుగులతో క్రతువు చేసేవారు. అక్కడ "ఎంతమంది తీసుకుంటారు" అని అడిగితే ఆ ప్రశ్నకే అర్థం ఉండదు. ఊరందరికీ తెలిసిన పదార్థమే. కాని అవసరమూ, నడిపించే పెద్దమనిషీ లేకుండా ఎవరూ ముట్టుకోరు.

ఇక్కడ మనలో ఎవరో ఒకరు, "మరి మన సోమరసమో?" అని తప్పకుండా అడుగుతారు. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ 1968లో ఒక పుస్తకమే రాశాడు, వేదాల్లోని సోమం ఎర్రటి టోపీమీద తెల్లటి మచ్చలుండే పుట్టగొడుగే అని. సంస్కృత పండితులు చాలామంది ఒప్పుకోలేదు. సోమం ఏ మొక్కో ఈనాటికీ తేలలేదు కనక, దాన్ని ఆధారం చేసుకుని ఇటూ అటూ వాదించడం అనవసరం.

ఆ వాసన్ ఎవరో చెప్పాలి. న్యూయార్కులో జె.పి. మోర్గన్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంటు. పుట్టగొడుగుల మీద పిచ్చి ప్రేమ. 1955 జూన్ చివర్లో ఒహాకాలోని వావుట్ల అనే కొండ ఊరికి వెళ్ళి, మరియా సబీనా అనే మజటెక్ వైద్యురాలి క్రతువులో కూర్చున్నాడు. 1957 మే 13 నాటి 'లైఫ్' పత్రికలో ఆ అనుభవం బొమ్మలతో సహా రాశాడు. వ్యాసంలో ఆవిడ పేరూ ఊరి పేరూ మార్చాడు గాని, అవి ఎక్కువకాలం దాగలేదు. కొన్నేళ్ళకి ఆ కొండ ఊరు జుట్టు పెంచుకున్న విదేశీ కుర్రాళ్ళతో నిండిపోయింది. పోలీసులు వచ్చారు. ఆవిడ ఇల్లు తగలబెట్టారు. 1985లో పేదరాలిగానే పోయింది. ఈ చరిత్రలో లాభపడినవాళ్ళ పేర్లే ఎక్కువగా వినపడతాయి. నష్టపోయినవాళ్ళ జాబితాలో ముందు పేరు ఆవిడదే.

ఇక ఎల్.ఎస్.డి. ఇది స్విట్జర్లాండులోని బాజెల్‌లో సాండోజ్ మందుల కంపెనీలో పుట్టింది. యూరప్‌లో రై అనే ధాన్యం కంకుల మీద ఎర్గాట్ అనే శిలీంధ్రం పడుతుంది. మనవైపు సజ్జ కంకులకి పట్టే తేనెబంక తెగులు దానికి దాయాది. జాతి వేరు, కుటుంబం ఒకటే. ఆ ఎర్గాట్‌లోని పదార్థాలతో మందులు చేయబోతూ ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేశాడు. పనికిరాదని పక్కన పెట్టేశారు. అయిదేళ్ళ తరవాత, 1943 ఏప్రిల్‌లో, మళ్ళీ చేస్తుంటే పొరపాటున కొంచెం ఒంట్లోకి వెళ్ళింది. మూడు రోజులకి, ఏప్రిల్ 19న, కావాలనే మిల్లీగ్రాములో పావువంతు మింగాడు. అంత తక్కువైతే ఏమీ కాదనుకున్నాడు. సైకిలెక్కి ఇంటికి వెళ్తూ దారంతా నానా అవస్థా పడ్డాడు. నిజానికి అది మామూలు మోతాదు కంటే ఎక్కువే.

1947లో సాండోజ్ దీన్ని డెలిసిడ్ అనే పేరుతో డాక్టర్లకి పంపడం మొదలుపెట్టింది. ఆ తరవాతి పదిహేనేళ్ళ సంగతి ఈనాటి చాలామందికి తెలియదు. 1950 నుంచి 1960ల నడుమ దాకా ఇది ఆసుపత్రి మందు. వెయ్యికి పైగా వైద్య పరిశోధన పత్రాలు వచ్చాయి. సుమారు 40,000 మంది రోగులకి ఇచ్చారు. తాగుడు మానిపించడానికి, దిగులు పోగొట్టడానికి వాడారు. హాలీవుడ్ నటుడు కేరీ గ్రాంట్ తాను డాక్టరు దగ్గర ఎల్.ఎస్.డి. చికిత్స తీసుకున్నానని పత్రికలవాళ్ళకి బాహాటంగా చెప్పాడు. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. అంటే మొదటి తరం వాడకందారులు హిప్పీలు కాదు. కోట్లూ టైలూ వేసుకున్న నడివయసువాళ్ళు.

చీకటి కోణం కూడా ఉంది. సి.ఐ.ఏ. 1953లో ఎం.కె.అల్ట్రా అనే రహస్య కార్యక్రమం మొదలుపెట్టింది. మనుషులకి తెలియకుండా ఎల్.ఎస్.డి. ఇచ్చి ఏం జరుగుతుందో చూసింది. ఫ్రాంక్ ఓల్సన్ అనే సైన్యపు శాస్త్రవేత్త పానీయంలో అలాగే కలిపారు. కొద్ది రోజులకి, 1953 నవంబరులో, న్యూయార్కులో హోటలు కిటికీ నుంచి కిందపడి చనిపోయాడు. ఇవన్నీ 1975లో విచారణలతో బయటపడ్డాయి.

1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తిమోతీ లియరీ, రిచర్డ్ ఆల్పర్ట్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు సైలోసిబిన్ మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. 1963కల్లా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. లియరీ ఊరూరా ప్రచారానికి దిగాడు. ఆల్పర్ట్ 1967లో మన దేశం వెళ్ళి, నీమ్ కరోలీ బాబాకి శిష్యుడై, రామ్ దాస్ అనే పేరుతో తిరిగొచ్చాడు. మందు కన్నా సాధన మేలని చెప్పుకుంటూ మిగతా జీవితం గడిపాడు.

ఇప్పుడు కొంచెం తేదీలు చూడండి. మనవాళ్ళు ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రావడానికి తలుపు తెరిచిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న. కాలిఫోర్నియాలో ఎల్.ఎస్.డి. నిషేధం అమల్లోకి వచ్చింది 1966 అక్టోబరు 6న. సరిగ్గా ఏడాది మూడు రోజుల తేడా. మన మొదటి తరం డాక్టర్లూ ఇంజనీర్లూ దిగేసరికి ఊళ్ళో ఇదే గొడవ. 1967 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో పార్కులో వేలాదిమంది గుమిగూడారు. 1968లో దేశమంతటా ఎల్.ఎస్.డి. దగ్గరుంచుకోవడమే నేరమైంది. 1970 చట్టంలో దాన్నీ సైలోసిబిన్‌నీ మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే దుర్వినియోగం ఎక్కువ, వైద్యానికి ఆమోదించిన ఉపయోగం లేదు అని. 1971 జూన్‌లో నిక్సన్ మత్తుమందుల దుర్వినియోగాన్ని దేశానికి మొదటి శత్రువని ప్రకటించాడు. అదే ఏడాది మన ఊళ్ళల్లో దేవానంద్ 'హరే రామ హరే కృష్ణ' సినిమా ఆడింది. హిప్పీ అంటే మనకి గుర్తుండిపోయిన బొమ్మ అదే. పూసల దండలు, పొగ గొట్టం, పాట. సైకెడెలిక్ అంటే ఆ కాలపు సంగతని, ఆ కాలంతోనే పోయిందని మనలో చాలామంది అనుకోవడానికి కారణమూ అదే.

మరి ఆ కాలంలో నిజంగా ఎంతమంది తీసుకున్నారు? గాలప్ సంస్థ 1967లో కాలేజీ విద్యార్థులని అడిగితే, ఎల్.ఎస్.డి. ఒక్కసారైనా రుచి చూశామన్నవాళ్ళు నూటికి ఒక్కరు. అది విద్యార్థుల లెక్క. వాళ్ళ తల్లిదండ్రుల తరంలో ఇంకా తక్కువ. టీవీలో చూసినవాళ్ళకి దేశంలో కుర్రకారంతా అందులోనే మునిగినట్టు కనపడింది. నిజానికి నూటికి తొంభైతొమ్మిదిమంది దాని జోలికే పోలేదు. 1971కి ఆ అంకె 18 శాతానికి చేరింది. అంటే పెరిగింది పూల పిల్లల వేసవిలో కాదు, ఆ సందడి తగ్గి నిషేధం వచ్చాక. నిషేధం వల్లే పెరిగిందని నేననను. ముందు గోల పుడుతుంది, వాడకం దాని వెనకాలే నెమ్మదిగా వస్తుంది అనడానికి ఇదొక ఉదాహరణ.

ప్రభుత్వం పద్ధతిగా లెక్కపెట్టడం కూడా 1971లోనే మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి అడిగే జాతీయ సర్వే అది. 1990 నుంచి ఏటా జరుగుతోంది. ఏటా సుమారు 70,000 మందిని అడుగుతారు. పక్కన ఉన్నవాళ్ళకి తెలియకుండా, ప్రశ్నలు హెడ్‌ఫోన్లో విని కంప్యూటర్లో జవాబు నొక్కే పద్ధతి పెట్టారు. 1975 నుంచి మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్ళు హైస్కూలు చివరి ఏడాది పిల్లలని అడుగుతున్నారు. ఆ పిల్లల్లో కొందరిని పెద్దయ్యాక కూడా, యాభై దాటేదాకా, వదలకుండా అడుగుతూనే ఉంటారు.

మిషిగన్ లెక్కలో 1975లో హైస్కూలు చివరి తరగతి పిల్లల్లో ఆ ఏడాది ఎల్.ఎస్.డి. తీసుకున్నవాళ్ళు 7.2 శాతం. 1980ల నడుమకి నాలుగు, అయిదు శాతానికి దిగింది. అందరూ కథ ముగిసిందనుకున్నారు. 1996లో 8.8 శాతం! హిప్పీలు లేరు, ఊరేగింపులు లేవు, పత్రికల్లో గోల లేదు. ఆ సర్వే చరిత్రలోకెల్లా పెద్ద అంకె అదే. మన ఐ.టి. కుర్రాళ్ళు హెచ్-1 మీద బారులు తీరి దిగుతున్న రోజులవి. తరవాత 2003కి ఒక్కసారిగా 1.9 శాతానికి పడిపోయింది. 2000 నవంబరులో కాన్సస్ రాష్ట్రంలో, పాత క్షిపణి స్థావరంలో పెట్టిన ఎల్.ఎస్.డి. తయారీ సామగ్రితో ఇద్దరు పట్టుబడ్డారు. సరుకు అందకపోవడమే కారణమని అధికారులు చెప్పుకున్నారు. 1995లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం యాత్రలు ఆగిపోవడం కూడా ఒక కారణమంటారు. వాళ్ళ కచేరీల బయట కార్ల పార్కింగు స్థలాలే ఈ సరుకుకి సంతలుగా ఉండేవి.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. నార్వేకి చెందిన ఇద్దరు పరిశోధకులు 2010 నాటి జాతీయ సర్వేని తిరగేసి 2013లో ఒక పత్రం వేశారు. జీవితంలో ఒక్కసారైనా ఎల్.ఎస్.డి., పుట్టగొడుగులు, మెస్కలిన్, పెయోటీలలో ఏదో ఒకటి తీసుకున్నవాళ్ళు అమెరికాలో సుమారు 3 కోట్ల 20 లక్షలమంది. 21 నుంచి 64 ఏళ్ళ లోపువాళ్ళలో 17 శాతం. మగవాళ్ళలో 22, ఆడవాళ్ళలో 12. మరి అన్నిటికన్నా ఎక్కువ ఏ వయసులో? అరవై దాటిన పాత హిప్పీల్లో అనుకుంటాం. కాదు. 30 నుంచి 34 ఏళ్ళవాళ్ళలో. వాళ్ళలో అయిదుగురికి ఒకరు. 2010లో ముప్ఫై రెండేళ్ళంటే పుట్టింది 1978లో, హైస్కూలు ముగించింది 1996లో. ఇందాక చెప్పిన శిఖరం ఏడాది అదే. రెండు వేర్వేరు సర్వేలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్టయింది.

అంటే అరవయ్యో దశకంలో గోల పెద్దది, జనం తక్కువ. తొంభయ్యో దశకంలో జనం ఎక్కువ, గోల లేదు. ఆ నిశ్శబ్దంలో ఎదిగినవాళ్ళు మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని బడికి దింపుతూ మన పక్కిళ్ళలోనే ఉన్నారు.

మరి ఈ మధ్య కాలమో? 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం సైలోసిబిన్ మీద వేసిన పత్రంతో పరిశోధన మళ్ళీ ఊపందుకుంది. 2018లో ఎఫ్.డి.ఏ., ఇతర మందులకి లొంగని డిప్రెషన్‌కి సైలోసిబిన్ చికిత్స పరీక్షలని త్వరగా పరిశీలించే జాబితాలో చేర్చింది. అదే ఏడాది మైకేల్ పోలన్ పుస్తకం వచ్చి, చదువుకున్న ఇళ్ళల్లో ఈ మాట మళ్ళీ వినపడటం మొదలైంది. 2019లో డెన్వర్ నగరం పుట్టగొడుగుల కేసులని ఆఖరి ప్రాధాన్యానికి నెట్టింది. 2020లో ఆరిగాన్, 2022లో కొలరాడో ఓటర్లు పర్యవేక్షణలో వాడుకోవడానికి ఒప్పుకున్నారు. అయినా అన్నీ ముందుకే సాగలేదు. 2024 ఆగస్టులో ఎం.డి.ఎం.ఏ. చికిత్సని ఎఫ్.డి.ఏ. ఆమోదించలేదు.

ఈ మాటల వెనకాలే అంకెలు పెరిగాయి. మిషిగన్ సర్వేలో 19 నుంచి 30 ఏళ్ళవాళ్ళలో, గడిచిన ఏడాదిలో ఈ రకం మందు ఏదో ఒకటి తీసుకున్నవాళ్ళు 2011లో 3 శాతం, 2016లో 5, 2021లో 8, 2023లో 9. 35 నుంచి 50 ఏళ్ళవాళ్ళలో 2023లో 4 శాతం. జాతీయ సర్వేలో 2023లో పన్నెండేళ్ళు దాటినవాళ్ళందరినీ కలిపితే 88 లక్షలమంది, 3.1 శాతం. రాండ్ సంస్థ అదే 2023లో పెద్దవాళ్ళని విడిగా అడిగింది. జీవితంలో ఎప్పుడైనా సైలోసిబిన్ తీసుకున్నవాళ్ళు 12 శాతం, ఆ ఏడాది తీసుకున్నవాళ్ళు 3.1 శాతం. వాళ్ళలో సగానికి కాస్త తక్కువమంది ఆఖరుసారి తీసుకుంది 'మైక్రోడోసు', అంటే తేడా తెలియనంత చిన్న మోతాదు.

ఈ అంకెలని చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు.

మొదటిది, ఎప్పుడు తీసుకున్నారు అన్నది. మీలో ఎంతమంది ఇండియా వెళ్ళారు అని అడిగితే అందరూ చేతులెత్తుతారు. పోయిన ఏడాదిలో అంటే సగం చేతులు దిగుతాయి. పోయిన నెలలో అంటే ఒకటో రెండో మిగులుతాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న గుణం ఇక్కడ పనికొస్తుంది. ఇవి రోజూ తీసుకునే మందులు కావు కనక జీవితకాలపు లెక్క పెద్దగా, నెల లెక్క చిన్నగా ఉంటుంది. రాండ్ లెక్కలో గడిచిన నెలలో గంజాయి వాడినవాళ్ళు 20 శాతం. సైకెడెలిక్కులు వాడినవాళ్ళు 0.9 శాతం. ఒకే సర్వే నుంచి "అయ్యో ఇంతమందా" అనే వార్తా రాయొచ్చు, "అబ్బే, ఎవరూ లేరు" అనే వార్తా రాయొచ్చు.

రెండోది, ఏమేం కలిపారన్నది. జాతీయ సర్వేలో ఈ శీర్షిక కింద ఎల్.ఎస్.డి., పుట్టగొడుగులతోపాటు ఎక్‌స్టసీ, కెటమిన్, పి.సి.పి. కూడా కలుస్తాయి. ఇవి పనిచేసే తీరు వేరు, ప్రమాదం వేరు. బియ్యంతో రాళ్ళు కూడా తూచి మొత్తం ఇంత అన్నట్టు ఉంటుంది.

మూడోది, ఎవరిని అడిగారన్నది. ఆ సర్వే ప్రశ్నలు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉంటాయి. ఇంట్లో తెలుగు తప్ప రానివాళ్ళని అడగరు. సైన్యంలో ఉన్నవాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు, గూడులేక వీధుల్లో ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు. చట్టవిరుద్ధమైన పని గురించి ప్రభుత్వం అడిగితే అందరూ నిజం చెప్పరు కూడా. కనక ఈ అంకెలని కింది హద్దుగా తీసుకోవడం మంచిది.

మన దేశం సంగతి కూడా చెప్పుకుందాం. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. 10 నుంచి 75 ఏళ్ళవాళ్ళలో, గడిచిన ఏడాదిలో ఈ రకం మందులు వాడినవాళ్ళు 0.12 శాతం. ఇక్కడి 3.1 శాతంతో పోలిస్తే పాతిక రెట్లు తక్కువ. అలాగని అసలు లేదని కాదు. 2017 జులైలో హైదరాబాదులో ఎల్.ఎస్.డి. పట్టుబడిన కేసు నెలల తరబడి పత్రికల్లో నడిచింది. అక్కడి ఎన్.డి.పి.ఎస్. చట్టం 1985 నాటిది, చాలా కఠినం. ఎల్.ఎస్.డి. గ్రాములో పదోవంతు ఉంటేనే వ్యాపారపు పరిమాణం కింద లెక్క. శిక్ష పదేళ్ళకి తగ్గదు. ఇక్కడి అలవాటు జేబులో పెట్టుకుని సెలవులకి అక్కడ దిగేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

ఇక్కడ కూడా మనవాళ్ళకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆరిగాన్‌లోనో కొలరాడోలోనో రాష్ట్రం ఒప్పుకున్నా, ఫెడరల్ చట్టంలో ఇవి ఇంకా మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. వీసాలు, గ్రీన్ కార్డు, పౌరసత్వం చూసేది ఫెడరల్ ప్రభుత్వం. మత్తుమందు కేసులో శిక్ష పడితే సరే సరి, కొన్ని సందర్భాల్లో అధికారి ముందు నోటితో ఒప్పుకున్నా అభ్యంతరం పెట్టొచ్చు. పక్క డెస్కులో కూర్చునే అమెరికన్ కుర్రాడికి ఇది వారాంతపు సరదా. హెచ్-1 మీద ఉన్న మన కుర్రాడికి ఇల్లూ వాకిలీ పోయే వ్యవహారం కావచ్చు. ఇది భయపెట్టడానికి కాదు. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగాలి, స్నేహితుణ్ణి కాదు.

మరి ఆరోగ్యం? ఎల్.ఎస్.డి., సైలోసిబిన్ ఎక్కువై నేరుగా ప్రాణం పోవడం అరుదు. ప్రమాదం ఎక్కువగా మరోవైపు నుంచి వస్తుంది. ఆ స్థితిలో చేసే పనుల వల్ల, అడవిలో ఏరిన విషపు పుట్టగొడుగుల వల్ల, మనసులో అంతకుముందే ఉన్న బలహీనత వల్ల. కెనడాలోని ఆంటారియోలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2024లో వచ్చింది. ఈ మందుల వల్ల ఎమర్జెన్సీకి వెళ్ళాల్సి వచ్చినవాళ్ళలో మూడేళ్ళలోపు 4 శాతం మందికి స్కిజోఫ్రీనియా జాతి జబ్బు బయటపడింది. మామూలు జనంలో అది 0.15 శాతం. మందే జబ్బుని తెచ్చిందని దీనితో రుజువు కాదు. తీసుకున్న అందరికీ ఈ అంకె వర్తించదు కూడా, ఆసుపత్రి దాకా వెళ్ళినవాళ్ళకే. కాని ఒక్క విషయం గమనించండి. ఈ మందులతో చికిత్సా పరీక్షలు చేసే డాక్టర్లు, వంశంలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులున్నవాళ్ళని సాధారణంగా చేర్చుకోరు. లిథియం మందు వాడేవాళ్ళకి వీటితో ఫిట్స్ వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి.

ఇక్కడే మన ఇళ్ళ సంగతి వస్తుంది. మన ఇళ్ళల్లో దాచేది పిల్లలొక్కరే కాదు. "మీ చిన్న తాతయ్యకి మతిస్థిమితం లేదు", "పెద్దత్తయ్య ఏళ్ళ తరబడి మందులు వాడింది" అన్న మాటలు మనం పిల్లలకి చెప్పం. పెళ్ళి సంబంధాలకి అడ్డొస్తుందని ఎప్పుడో దాచి, ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ దాస్తాం. ముప్ఫై ఏళ్ళు వచ్చిన మనిషి ఒక నిర్ణయం తీసుకునే ముందు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి, సరిగ్గా మన నోట్లోనే ఆగిపోయి ఉంటుంది.

ఆ తల్లిగారు ఈ ప్రసంగం వింటున్నారో లేదో నాకు తెలియదు. వింటుంటే ఆవిడకి నా జవాబు ఇది.

అమ్మా, మీవాడొక్కడే కాదు. మీ అబ్బాయి వయసు ఆ రెండు గుంపుల మధ్య పడుతుంది. కనక ఆ వయసువాళ్ళని వందమందిని తీసుకుంటే, ఏడాదిలో ఈ పని చేసేవాళ్ళు నలుగురికీ తొమ్మిదిమందికీ మధ్య ఉంటారనుకోవచ్చు. అలాగని అందరూ ఇంతే అన్నదీ నిజం కాదు. మిగతా తొంభైమందికి పైగా ఆ జోలికి పోరు. మీవాడు మీకు తానుగా చెప్పాడు. అది చిన్న సంగతి కాదు. చాలా ఇళ్ళల్లో ఆ మాట వంటింటి గడప దాటదు. మీరిప్పుడు తిట్టనక్కర్లేదు, మెచ్చుకోనక్కర్లేదు. కూర్చోబెట్టుకుని మన వంశంలో ఎవరికి ఏ జబ్బు ఉండేదో ఉన్నదున్నట్టు చెప్పండి. ఏమేం మందులు వాడుతున్నాడో, అతని వీసా కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. ఎప్పుడైనా మనసు పట్టు తప్పినట్టు కనపడితే 988కి ఫోన్ చేస్తే పగలూ రాత్రీ మాట్లాడేవాళ్ళు ఉంటారు. ప్రాణం మీదికొస్తే 911 ఉండనే ఉంది.

అరవై ఏళ్ళ కిందట ఈ దేశం గోల చేసింది గాని లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెడుతోంది. మన ఇంటి లెక్క మాత్రం ఏ సర్వేవాళ్ళూ వచ్చి చెప్పరు. అది మనం మాట్లాడుకుంటేనే తెలుస్తుంది.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. అంతవరకూ సెలవు. నమస్కారం.